ఇంట్లోకి పాము వస్తే చంపాలా, పట్టించి వదలాలా?

మిద్దెతోట:
మొన్న ఆదివారం పొద్దున మా పెరట్లో ఇటుకల కుప్ప దగ్గర పాము కనపడింది. గోధుమరంగు, బాగా పొడుగు. సగం ఇటుకల సందులోకి దూరి తోక బయటే ఉంది. మా బావగారు దుడ్డుకర్ర తెచ్చారు, ఎదురింటాయన గునపం పట్టుకొచ్చాడు. నేను అడ్డం నిలబడ్డాను. పాములు పట్టే కుర్రాడు వచ్చేసరికి గంట దాటింది, అంతసేపూ ఆ కుప్ప మీంచి చూపు తిప్పకుండా కాపలా కాశాం. అతను దాన్ని చూసి విషం లేని జెర్రిపోతు అన్నాడు, సంచిలో వేసుకుని తీసుకెళ్లాడు.

అప్పట్నుంచి వీధంతా నామీదే పడింది. పిల్లలు తిరిగే చోట పాముని ప్రాణాలతో వదిలేస్తావా అని ఒకరు, వదిలిన పాము మళ్లీ అదే గడప వెతుక్కుంటూ వస్తుందని ఇంకొకరు. నా మాట ఒక్కటే: కనపడిన ప్రతి పామునీ కొట్టి చంపడం తప్పు, దానివల్ల మనకి రక్షణ కూడా లేదు. కాదనేవాళ్లు ఎందుకు కాదో చెప్పండి. పల్లెల్లో, పొలాల్లో ఉండేవాళ్ల మాట ముఖ్యంగా వినాలని ఉంది.

పొలంగట్టు:
అక్కా, అడిగారు కాబట్టి చెబుతున్నా. చంపాలి. ఏ పామో చూసి, ఫోన్ చేసి, కుర్రాడు వచ్చేదాకా కాపలా కాసే తీరిక టౌన్లో ఉంటుంది. మాది కృష్ణా జిల్లా దివిసీమ. 2018 వానాకాలం మా వైపు పాముకాట్ల వార్తలు పేపర్లలో చూసే ఉంటారు. నాట్లు వేసేవాళ్లు, గట్లు చెక్కేవాళ్లు, గడ్డి కోసేవాళ్లు, ఒకరి తర్వాత ఒకరు ఆస్పత్రికి. వరి కోసి పనలు వేస్తే రక్తపింజరి ఆ పనల కింద చేరుతుంది. పన ఎత్తడానికి చెయ్యి పెట్టిన మనిషికి అది కనపడదు. మినుము చేలోనూ అంతే.

మా బాబాయి కట్లపాము కాటుకే పోయాడు. పొలంలో కూడా కాదు, ఇంట్లో, చాప మీద పడుకుని. తెల్లారుజామున కడుపునొప్పి అన్నాడు. గ్యాస్ అనుకుని సోడా తాగించారు. పొద్దెక్కేసరికి కనురెప్పలు ఎత్తలేకపోయాడు. ఎక్కడ కరిచిందో గాటు కూడా కనపడలేదు. పక్కలు దులిపితే చాప కింద ఉంది పాము. ఇప్పుడు చెప్పండి, దాన్ని సంచిలో పెట్టి వదలమంటారా?

రాత్రిడ్యూటీ:
పొలంగట్టు అన్నా, మీ బాబాయి గారి సంగతి చదివి మనసు బరువెక్కింది. నేను క్యాజువాలిటీలో నర్సుని. మీరు రాసిన వరస కట్లపాము కాటుకి అచ్చంగా సరిపోతుంది. రాత్రి, నేల మీద పడక, నొప్పీ వాపూ లేని కాటు, తెల్లారి కడుపునొప్పి, ఆ తర్వాత కళ్లు వాలిపోవడం. అందుకే వానాకాలంలో నేల మీద పడుకున్న మనిషి తెల్లవారుజామున కడుపునొప్పో గొంతునొప్పో అంటూ వస్తే, మేము ముందు రెప్పలు పైకెత్తమంటాం.

కానీ ఒకటి గమనించండి. ఆ పాముని ముందు రోజు ఎవరూ చూడలేదు. చూడని పాముని చంపే ప్రశ్నే లేదు. ఆస్పత్రికి వచ్చే కాట్లలో ఎక్కువ భాగం ఇలాంటివే, చీకట్లో తొక్కినవి, గడ్డిలో చెయ్యి పెట్టినవి, నిద్రలో పక్క మీదకి దొర్లినవి. కనపడిన పాము కాటేసిందంటే చాలాసార్లు దాని వెనక ఒక కర్ర ఉంటుంది. పక్కకి తప్పుకుంటే పోయేదాన్ని కొట్టబోయి, కాలికి కాటు వేయించుకుని వచ్చిన కుర్రాళ్లని చూశాను.

ఇంకో సంగతి, ఇది అందరికీ తెలియాలి. కరిచిన పాముని చంపి సంచిలో పట్టుకొస్తారు, డాక్టరుకి చూపించాలని. అవసరం లేదు. మన దేశంలో ఇచ్చే విరుగుడు మందు ఒక్కటే. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటికీ కలిపి తయారైన ఏఎస్‌వీ. ఏ పాము కరిచిందో తేలకపోయినా లక్షణాలు చూసి అదే ఎక్కిస్తారు. మొదట సాధారణంగా పది వయల్స్, అంటే పది చిన్న మందు సీసాలు పెడతారు, పసిపిల్లకైనా పెద్దవాడికైనా డోసు ఒకటే, ఎందుకంటే మనిషి చిన్నవాడని పాము విషం తగ్గించి వదలదు. పాముని వెతికి చంపడానికి పోయిన అరగంట మాత్రం తిరిగి రాదు. పైగా చచ్చిందనుకున్న పాము తల కూడా కాసేపటిదాకా కరవగలదు.

చింతచెట్టు:
పిల్లలూ, నేను పెద్దవాణ్ణి, కాస్త ఓపికగా వినండి. కార్తీక మాసంలో నాగుల చవితికి పుట్ట దగ్గరికి వెళ్లి పాలు పోస్తాం, చలిమిడీ చిమ్మిలీ పెడతాం, పుట్టమన్ను చెవులకి రాసుకుంటాం, మా పిల్లల్ని చల్లగా చూడమని మొక్కుతాం. మర్నాడు అదే పాము గడప దాటితే కర్రతో నడుం విరగ్గొడతాం. ఇంట్లో సుబ్బారావు, నాగమణి అని పేర్లు పెట్టుకునే జాతి మనది. మన పెద్దవాళ్లు పాముని దేవుడన్నారంటే చంపొద్దని చెప్పడానికే అని నా నమ్మకం. ఎలకల్ని తినేది పామే, పంటని కాసేదీ పామే. ఆ భక్తి పోయి భయం ఒక్కటే మిగలబట్టే ఈ కర్రలు.

రాత్రిడ్యూటీ:
పెద్దాయనా, భక్తి మంచిదే, కాదనను. పాల సంగతి మాత్రం చెప్పాలి. పాముకి పాలు ఆహారం కాదు, అరగవు కూడా. పండగ రోజుల్లో బుట్టలో పాముని తెచ్చి పాలు తాగించేవాళ్లు దాన్ని ముందు కొన్నాళ్లు నీళ్లు లేకుండా ఎండబెడతారు. దాహానికి ఏది పెట్టినా తాగుతుంది. కోరలు పీకేసి, నోరు కుట్టేసి తిప్పే పాములు కూడా ఉన్నాయి. పుట్టలో పోసిన పాలు లోపలికి ఇంకిపోతాయి, అక్కడ పాము ఉండొచ్చు, లేకపోవచ్చు. పుట్ట కట్టేవి చెదపురుగులు, పాము అందులో అద్దెకి దిగుతుంది అంతే. పుట్ట దగ్గర దణ్ణం పెట్టుకోండి, పాలు పిల్లలకి పట్టండి. బుట్టపాముకి మాత్రం ఒక్క రూపాయి వేయకండి.

పొలంగట్టు:
పాల గొడవ పక్కన పెట్టండి. చింతచెట్టు గారు చెప్పిన ఎలకల మాట నేను ఒప్పుకుంటా. మా పొలంలో జెర్రిపోతుని ఎవరినీ ముట్టుకోనివ్వను. ఎలక బొక్కలోకి దూరి పిల్లలతో సహా మింగుతుంది. వరి పొట్ట మీదున్నప్పుడు ఎలకలు పడితే మడి మధ్యలో గుండ్రంగా కొరికేసి పోతాయి, ఎలకల్ని పట్టే బుట్టలు ఎన్ని పెట్టినా ఆగవు. జెర్రిపోతు గేదె కాళ్లకి చుట్టుకుని పాలు తాగుతుందని మా ఊళ్లో ఇప్పటికీ అంటారు, అదీ అబద్ధమే. నా గొడవ జెర్రిపోతుతో కాదు, పింజరితో, కట్లపాముతో. వాటిని వదిలితే రేపు నా కూలీలకే కదా ప్రమాదం?

కొత్తకాపు:
మధ్యలో ఒక డౌటు. ఒక పాముని చంపితే దాని జంట పగబట్టి వస్తుందంటారు. మా ఇంటి దగ్గర నిజంగానే ఒకదాన్ని చంపిన వారానికి ఇంకొకటి వచ్చింది.

గోనెసంచి:
పాములు పట్టే పని నాది, చాలాకాలంగా. కొత్తకాపు తమ్ముడూ, పగ లేదు. మనిషి ముఖం గుర్తుపెట్టుకుని వెతుక్కుంటూ వచ్చే తెలివి పాముకి లేదు. పాములు జంటలుగా కాపురం చేయవు కూడా. రెండోది ఎందుకొచ్చిందంటే, మొదటిది ఎందుకొచ్చిందో అందుకే. ఇంటి వెనక ఎలకలో కప్పలో ఉంటాయి, దూరడానికి సందు ఉంటుంది. జత కట్టే కాలమైతే ఆడపాము వాసన పట్టుకుని మగవి అదే దారిన వస్తాయి.

జంట మాట వచ్చింది కాబట్టి సయ్యాట సంగతీ చెబుతా. రెండు పాములు నిలువునా లేచి తాడు పేనినట్టు మెలేసుకుంటే, నాగుపామూ జెర్రిపోతూ సరసమాడుతున్నాయని కొత్త తువ్వాలు కప్పుతారు. నేను దగ్గర నుంచి చూసినవన్నీ జెర్రిపోతులే, రెండూ మగవే. అది కుస్తీ. ఒకటి రెండోదాని తలని నేలకి అదమాలని చూస్తుంది, అదిమించుకున్నది కాసేపటికి జారుకుంటుంది. కరుచుకోవు. మనుషులు చుట్టూ మూగినా పట్టించుకోనంత పట్టుదలగా ఉంటాయి, అప్పుడే జనం రాళ్లేస్తారు.

ఇక పొలంగట్టు అన్న అడిగినదానికి. పింజరి, కట్లపాము మాత్రమే చంపుతానంటున్నావు. సరే, గుర్తుపడతావా? నన్ను కట్లపాము అని పిలిచిన ఇళ్లలో చాలాచోట్ల ఉండేది వుల్ఫ్ స్నేక్, విషం లేనిది. గోడలెక్కి బల్లుల్ని తింటుంది. దానికి అడ్డచారలు మెడ దగ్గరే గట్టిగా మొదలై తోక వైపు వెళ్లేకొద్దీ మాసిపోతాయి. కట్లపాముకి తల దగ్గర చారలు సరిగా ఉండవు, వెనక్కి వెళ్లేకొద్దీ తేటగా, చాలావాటికి రెండేసి జతగా తోకదాకా ఉంటాయి. ఒళ్లు నల్లగా నూనె రాసినట్టు మెరుస్తుంది, వెన్ను మీద మధ్య వరస పొలుసులు పెద్దవి. అర్ధరాత్రి టార్చి వెలుగులో చేతిలో కర్ర పట్టుకున్న మనిషి ఇవన్నీ చూస్తాడా? అందుకే విషం లేనివే ఎక్కువ చస్తున్నాయి. దేశంలో మూడొందలకి పైగా పాము జాతులుంటే మనిషి ప్రాణం తీయగలవి కొన్నే. మీ పింజరిని గుర్తుపట్టడం కాస్త తేలిక: లావు ఒళ్లు, గొలుసులా మూడు వరసల మచ్చలు, ప్రెషర్ కుక్కర్ లాంటి బుస.

పొలంగట్టు:
గుర్తుపట్టలేను కాబట్టే అన్నిటినీ కొడతారు జనం. తప్పెవరిది?

గోనెసంచి:
ఎవరి తప్పనీ అనను. భయం న్యాయమైనదే. 2020లో వచ్చిన ఒక పెద్ద అధ్యయనం ప్రకారం 2000 నుంచి 2019 వరకు మన దేశంలో పాముకాటుతో పోయినవాళ్లు దాదాపు 12 లక్షలు. అంటే ఏడాదికి సుమారు 58,000 మంది. అందులో సగం జూన్, సెప్టెంబర్ మధ్యే. ఎక్కువ చావులున్న రాష్ట్రాల్లో మన తెలుగునేల కూడా ఉంది. ఇన్ని ప్రాణాలు పోతుంటే పాము పాపం అని నేను అననన్నా. నేననేది ఒకటే: మన తాతలు కొట్టారు, తండ్రులు కొట్టారు, మనం కొడుతున్నాం. కొట్టడం వల్లే చావులు ఆగేవైతే ఈ పాటికి ఆగి ఉండాలి కదా?

చట్టం కూడా తెలుసుకోండి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద పాముని వేటాడటం, చంపడం నేరం. అదే చట్టంలో ఆత్మరక్షణ కోసం, పక్కవాళ్లని కాపాడటం కోసం నిజంగా చంపాల్సి వస్తే నేరం కాదని కూడా ఉంది. మీదకొచ్చినదానికీ తన దారిన పోతున్నదానికీ అక్కడే తేడా.

మిద్దెతోట:
గోనెసంచి అన్నా, మీరు పట్టినవి ఎక్కడ వదులుతారు? అడవిలో వదిలేశాం అని వీడియోల్లో చూస్తుంటాను. ఎదురింటాయన అడిగిందీ అదే, ఇంకో ఊరివాళ్ల నెత్తిన పెట్టడం కాదా అని.

గోనెసంచి:
మంచి ప్రశ్న అడిగావమ్మా. మా పనిలో ఉన్నవాళ్లే దీని మీద రెండు మాటలు మాట్లాడతారు. దూరంగా తీసుకెళ్లి కొత్త అడవిలో వదిలితే పాముకి దారి తెలియదు, బొరియ తెలియదు, నీళ్లెక్కడో తెలియదు. విపరీతంగా తిరుగుతుంది, చాలావరకు బతకదు. దగ్గర్లో వదిలితే బతుకుతుంది కానీ జనం ఒప్పుకోరు. నేను ఇళ్లు లేని చోటు చూసి, వీలైనంత దగ్గరలోనే వదులుతాను. జెర్రిపోతో, విషం లేని నీటిపాము నీరుకట్టెనో అయితే, ఇంటివాళ్లు ఒప్పుకుంటే, పక్క చేలోనే. వీడియో కోసం మెళ్లో వేసుకుని తిరిగేవాళ్లని నమ్మకండి. కొక్కెం, గొట్టం, సంచి లేకుండా ఒట్టి చేత్తో నాగుపాముని ఆడించేవాడు పాముల్ని పట్టేవాడు కాదు. ఆ మోజులో పోయిన కుర్రాళ్లున్నారు. హైదరాబాద్‌లో ఫ్రెండ్స్ ఆఫ్ స్నేక్స్ సొసైటీ ఉంది, మిగతా చోట్ల అటవీశాఖ వాళ్లని అడిగితే దగ్గర్లో శిక్షణ ఉన్నవాళ్లెవరో చెబుతారు. నంబరు పాము వచ్చాక వెతక్కండి, ఇవాళే ఫోన్లో ఎక్కించుకోండి.

చింతచెట్టు:
తమిళనాడులో ఇరుల అనే గిరిజనులున్నారు. ఒకప్పుడు చర్మం కోసం పాముల్ని పట్టి చంపేవాళ్లు. చర్మాల వ్యాపారం నిషేధించాక 1978లో సహకార సంఘం పెట్టుకుని, పాముని పట్టి విషం తీసి మళ్లీ వదిలేసే పనిలోకి వచ్చారు. ఆ విషం కొద్దికొద్దిగా గుర్రాలకి ఎక్కించి, వాటి రక్తం నుంచే ఆ ఏఎస్‌వీ తయారుచేస్తారు. పొలంగట్టు నాయనా, మీ ఆస్పత్రిలో మనిషిని బతికించే మందు బతికున్న పాము నుంచే వస్తోంది. ఇది ఒక్కసారి ఆలోచించు.

పొలంగట్టు:
ఆలోచిస్తా పెద్దాయనా. మీ మాట కొట్టేయను. కానీ ఒక్కదానికి సూటిగా జవాబు కావాలి. రాత్రి రెండు గంటలు. కరెంటు లేదు. గదిలో పసిబిడ్డ, మూల నాగుపాము. మాకు దగ్గర్లో పాములు పట్టేవాడు లేడు. ఏం చేయమంటారు?

గోనెసంచి:
ముందు బిడ్డని ఎత్తుకుని బయటికి రా. పాము మూల ఉంటే నువ్వు తలుపు వైపు నుంచి నెమ్మదిగా కదులు, గబగబా కాళ్లు ఆడించకు. పడగ ఎత్తిన నాగుపాము తన పొడవులో సగం దూరం కూడా అందుకోలేదు, ఆరడుగులు ఎడం ఉంటే నీకేం కాదు. తలుపు మూసి, కింద సందులో గోనెపట్టా కుక్కు. గదికి బయటికి తలుపుంటే అది తెరిచి పెట్టు. సద్దు లేకపోతే చాలా పాములు తెల్లారేలోపు దారి చూసుకుంటాయి. పొద్దున టార్చి వేసి అన్ని మూలలూ చూడకుండా ఎవరూ లోపలికి అడుగు పెట్టొద్దు. ఇవేవీ కుదరక, బిడ్డకీ నీకూ మధ్యలో పాము పడితే, అప్పుడు కర్ర ఎత్తినవాణ్ణి నేను తప్పుపట్టను. చట్టమూ పట్టదు. కానీ అలాంటి రాత్రి ఎంతమందికి వస్తుంది? మనం చంపేవి ఎక్కువగా పట్టపగలు, గోడవారగా పోతున్నవి.

రాత్రిడ్యూటీ:
ఆ రాత్రి రాకుండా చూసుకోవచ్చు కూడా. నేల మీద పడుకోవద్దు. మంచం లేకపోతే కనీసం దోమతెర కట్టి అంచులు పరుపు కిందికి దోపండి. కట్లపాముకి ఇంతకంటే మంచి అడ్డు నేను చూడలేదు. కట్టెలు, ఇటుకలు, పిడకలు గోడకి ఆనించి పేర్చొద్దు. కోళ్లగూడు పడకగదికి దూరంగా ఉండాలి. వెల్లుల్లి, గంధకం, ఫినాయిల్ చల్లితే పాము రాదన్నది నమ్ముకోకండి.

కరిస్తే కోయొద్దు, నోటితో పీల్చొద్దు, తాడు బిగించి కట్టొద్దు. ఉంగరాలు, గాజులు, మెట్టెలు తీసేయండి, వాపు వస్తే అవే కోసుకుపోతాయి. కాలు విరిగితే కట్టినట్టు చెక్క ఆనించి కదలకుండా ఉంచండి, నడిపించొద్దు, 108కి ఫోన్ చేయండి. మంత్రం వేసేవాడి దగ్గర ఆగొద్దు. మంత్రంతో బతికారని చెప్పేవాళ్లలో చాలామందిని కరిచింది విషం లేని పాము, లేదా ఒంట్లోకి విషం ఎక్కించకుండానే కాటేసిన పాము. ఆస్పత్రిలో మేము కాస్త రక్తం శుభ్రమైన గాజు గొట్టంలో తీసి 20 నిమిషాలు కదపకుండా ఉంచి వంచి చూస్తాం. గడ్డకట్టకుండా నీళ్లలా జారిందంటే పింజరి విషం ఎక్కిందన్నమాట. ఆలస్యమైతే కిడ్నీలు పోతాయి, డయాలసిస్ దాకా వెళ్తుంది. కట్లపాముకైతే వెంటిలేటర్ కావాలి. మీ మండలంలో ఏ ఆస్పత్రిలో ఏఎస్‌వీ ఉంది, వెంటిలేటర్ ఎక్కడుంది, ఇది సర్పంచి నుంచి ఆశా వర్కర్ దాకా అందరికీ ముందే తెలిసి ఉండాలి. పాముకాటు చావుల్ని 2030కల్లా సగానికి తగ్గించాలని 2024లో కేంద్రం ప్రణాళిక ప్రకటించింది. పట్టుబట్టి అడగండి.

కొత్తకాపు:
ఇటుకల కుప్ప తీసేశారా మిద్దెతోట అక్కా?

మిద్దెతోట:
నిన్ననే. కింద ఎలక బొక్కలు కనపడ్డాయి, సిమెంటుతో మూసేశాం. బావగారు కర్రని మాత్రం తలుపు వెనకే ఉంచుతానన్నారు. నేను వాదించలేదు, పాములు పట్టే కుర్రాడి నంబరు అదే తలుపు మీద పెద్ద అక్షరాలతో రాసి అంటించాను.

పొలంగట్టు:
దోమతెరల మాట ఇంట్లో చెప్పాను, ఆడవాళ్లు వెంటనే ఒప్పుకున్నారు. చేలో పింజరి విషయం మాత్రం నేను ఇంకా ఒప్పుకోను. చేతికి అడుగు దూరంలో ఉన్నదాన్ని వదిలి వెనక్కి తగ్గమంటే పది మంది కూలీల్లో ఒక్కడూ వినడు. మోకాళ్లదాకా రబ్బరు బూట్లు వేసుకోమని వ్యవసాయాధికారులు చెబుతుంటారు. నాట్లప్పుడు ఆ బూటు బురదలో దిగబడితే కాలు బయటికి వస్తుంది, బూటు లోపలే ఉంటుంది. నాట్లు వేసే ఆడవాళ్లకి అవి పనికిరావు. కోతలప్పుడు పనికొస్తాయి. అందుకని ఈసారి బూట్లు కొనిస్తాను, పన ఎత్తే ముందు పొడుగు కర్రతో కదిపి చూడమని చెబుతాను. కాలికి బూటు ఉంది, మరి చేతికి? ముంజేతిదాకా వచ్చే మందపాటి గ్లౌజు వేసుకుంటే కొడవలి పట్టు కుదరడం లేదు. దీనికేమైనా ఉపాయం ఉంటే చెప్పండి.

గోనెసంచి:
కొడవలి చేతికి వద్దన్నా, పన పట్టే చేతికి చాలు. ఎడమ చేతికి తోలు గ్లౌజు వేయించు, కాటు ఎక్కువగా పడేది ఆ చేతికే.